కట్టె, కొట్టె, తెచ్చె

డోవీ లోయలో వేసవి అంటే
వాన కాస్త ఊపిరి తీసుకోవడం.
ఆ ఊపిరి సందుల్లోనే
దుంగల్ని పేళ్లుగా చీల్చి, రేకుల కింద గాలాడేలా పేర్చి
రెండేళ్లు కూచోవాలి.
తడి ఇరవై శాతానికి దిగిందని మీటరు ఒప్పుకున్నాక
సంచికింత, ట్రెయిలరుకింత.
కొనేవాళ్లు కట్టెకి లెక్క కడతారు.
ఆగినందుకు ఎవరూ ఏమీ ఇవ్వరు.

బండి మీద ఇంకా మేరిగ్ పేరే ఉంది.
వాటా తీసుకుని వెళ్లిపోయాడు,
పోర్చుగల్లో ఎవరి స్నానాల గదులకో పలకలు అతికిస్తున్నాడట.
ఆ పేరు చెరిపి నా పేరు రాయడానికి పెయింటరు అడిగిన డబ్బుకి
రెండు కొత్త చెయిన్లు వస్తాయి.
చెయిన్లే కొన్నాను.
ఫోనెత్తితే "మేరిగ్ ఉన్నాడామ్మా?"
"టెగ్వెన్‌ని. రంపం నాదే. చెప్పండి."

ఇప్పుడు యాష్ చెట్లకి తెగులు.
ఇంగ్లీషులో ఆ చెట్టుకీ బూడిదకీ ఒకటే పేరు,
ముందే రాసిపెట్టుకున్నట్టు.
మా అమ్మ భాషలో అది ఒన్నెన్.
బూడిదకి వేరే మాట ఉంది.
కొమ్మల కొసల్లో మొదలై లోలోపలికి ఎండుకొస్తుంది.
బతికున్న చెట్టు పడేముందు మూలుగుతుంది,
పక్కకి తప్పుకోవడానికి రెండడుగుల వ్యవధి ఇస్తుంది.
చేవ పోయి పెళుసెక్కినదానికి
ఎటు పడాలో దానికే తెలీదు.
అందుకే ఇన్సూరెన్సు వాళ్లు ప్రీమియం పెంచారు,
అందుకే గెథిన్‌ని హెల్మెట్ తీయొద్దని
రోజుకి పదిసార్లు తిడతాను.
పంతొమ్మిదేళ్లు. తిట్లు వాడికి రంపప్పొట్టు,
దులిపేసుకుంటాడు.

రోడ్డు పొడుగునా కౌన్సిల్ పసుపు చుక్క పెట్టినవి
నూట పద్నాలుగు.
నా బ్యాంకు ఖాతా ఇన్నేళ్లలో ఇంత పచ్చగా ఎప్పుడూ లేదు.
తెగులు మరో రెండు లోయలు పాకితే
ట్రాక్టరు బాకీ తీరుతుందని
ఒక రాత్రి వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను.
అది ఏ పద్దులోనూ లేదు.

మోర్విద్ ప్యూ గేటు దగ్గరది డెబ్బై రెండోది.
ముప్పై ఏళ్లు ఈ కొండల్లో ఉత్తరాలు పంచిన మనిషి.
ఏటా అక్టోబరులో సగం లోడు తీసుకుంటుంది,
తీసుకునే ముందు రెండు పేళ్లు ఏరి
ఒకదానితో ఒకటి కొట్టి, తల వంచి వింటుంది.
ఖంగుమంటే డబ్బు.
దబ్బుమంటే "వెనక్కి పట్టుకుపో."
ఒకసారి పట్టుకుపోయాను కూడా, వానలో,
ఇప్పటికీ కడుపు మండుతుంది.

"ఎంతసేపు?" అంది.
"నలభై నిమిషాలు."
"అయితే టీ తర్వాత పెడతాను."

తాడు కట్టాం, గాటు పెట్టాం, మేకు దిగ్గొట్టాం.
చెట్టు మా మాట వినలేదు.
నాలుగు గజాల రాతిగోడ మీద కూలబడింది.
గెథిన్ హెల్మెట్ తీసేశాడు. నేను తిట్టలేదు.

ఆమె గోడ వంక చూడలేదు.
మొదట్లోంచి చీల్చిన రెండు ముక్కలు ఏరుకుని
కొట్టి వింది.
దబ్బు.
"యాష్ పచ్చిగా కూడా మండుతుందిగా" అన్నాడు గెథిన్.
వాడి వంక ఒక చూపు చూసింది,
చిరునామా తప్పు రాసినవాణ్ణి చూసినట్టు.
"ఎండడానికి ఎన్నాళ్లు?"
"రెండేళ్లు."
"అప్పటికి నాకు ఎనభై మూడు. విడిగా పేర్చు. పేరు రాసి ఉంచు."

చెట్టు ఆమెదే, కట్టే ఆమెదే,
కోత కౌన్సిల్ ఇస్తుంది, ఆరబెట్టే కూలి ఒక్కటే నాది.
అప్రాను జేబులోంచి పది పౌండ్లు తీసి బయానా అంది.
ఆగినందుకు ముందే డబ్బిచ్చిన మనిషిని
ఈ వ్యాపారంలో అదే చూడడం.
రసీదు రాస్తుంటే
కార్బను కాగితం తడిసి నకలు పడలేదు.

షెడ్డులో ఎడమ మూల, సుద్దతో, ప్యూ.
రాతిగోడ ఆదివారం కట్టాలి.
గెథిన్‌కి రాదు, నాకూ రాదు.